కుడి వెనక రెక్క

"ఇది చూడు వదినా, బాగా చూడు!" అంటూ చిన్నవాడు చిరిగిన టైరును తెచ్చి వంటింటి నేల మీద పడేశాడు.

టైరు ఒకసారి ఎగిరి, పొయ్యి గట్టును కొట్టుకుని, అత్తగారి కాళ్ళ దగ్గర ఒరిగింది. ఆవిడ చేతిలోని గిన్నె జారి కూరంతా నేలపాలైంది. కోడలు మాత్రం టైరును చూడలేదు, మరిది నుదుటిని చూసింది. కనుబొమ్మ పైన చర్మం చిట్లి, నెత్తురు చెంప మీదుగా కారి చొక్కా కాలరు తడిసిపోయింది.

"ముందు ఆ నెత్తురు తుడుచుకో. కూర్చో," అంది.

"కూర్చోను. వాడెక్కడ?"

వాడంటే ఎవరని అడగాల్సిన పని లేదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి "అన్నయ్యా" అని తప్ప పిలవని నోటితో "వాడు" అన్నాడంటే, ఇవాళ ఈ ఇంట్లో అన్నం ఎవరి గొంతూ దిగదని ఆమెకు అర్థమైపోయింది.

"ఏమైందిరా నాయనా?" అంది అత్తగారు.

"ఏమవ్వాలో అది అవ్వలేదమ్మా. అదే నీ పెద్దకొడుక్కి బాధ. ఇంటి పైన మొదటి మలుపులో ఎడమకి తిప్పాను. కారు కుడి పక్కకి ఒరిగింది. అంతే, టైరు ఢామ్మంది. రాతి దిమ్మకి రాసుకుని ఆగాను కాబట్టి నీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. ఆ దిమ్మ లేకపోతే కింద లోయే. స్టెపినీ బిగించి కారు షెడ్డులో పెట్టొచ్చాను, వాడక్కడ లేడు."

"టైర్లన్నాక పేలవా? ఎండకి పేలుంటుంది."

"పేలడం వేరు, కోసుకుపోవడం వేరు. వేలు పెట్టి చూడు!"

అత్తగారు పెట్టలేదు. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఆ కోత మీద వేలు పెట్టింది. చిరుగులు చిరుగులుగా లేదు. టైరు చుట్టూ ఒకే గీతలా, పదునైన రేకు పెట్టి తిప్పినట్టుంది. ఏం కోసిందో ఆమెకు తెలిసింది. దాన్ని అక్కడ వదిలేసిన చెయ్యి ఎవరిదో కూడా తెలుసు.

అది మామగారి కారు, ఊరంతా మేస్త్రిగారని పిలిచే ఆయనది. రెండు తలుపుల పాత కారు. పెద్దవాడు నడక నేర్చుకునే రోజుల్లో తుప్పు పట్టిన డొక్కుగా ఇంటికి తెచ్చి, తన చేతులతో ప్రాణం పోసిన కారు. వచ్చే ఆదివారం కొండ మీద జరిగే పందెంలో చిన్నవాడు దాన్ని నడపాలి. పందేనికి వెడల్పు చక్రాలు కావాలి. వెడల్పు చక్రాలు పాత మడ్‌గార్డు కింద ఇమడవు. అందుకని నాలుగు పక్కలా మడ్‌గార్డు అంచు కోసేసి, ఉక్కు రేకును వంచి చేసిన రెక్కల్ని బయటికి అతికించారు. రెక్క అతికించాక లోపల మిగిలిన పాత అంచును పూర్తిగా కోసి, నున్నగా అరగదీయాలి. తీయకపోతే కారు ఒరిగినప్పుడు ఆ అంచు టైరు మీద కత్తిలా కూర్చుంటుంది.

మూడు రెక్కలు ఆమె భర్త, అంటే పెద్దవాడు అతికించాడు. నాలుగోది, కుడి వెనకది, మామగారు చేశారు.

ఆయన చేతులు వణుకుతున్నాయనీ వెల్డింగు టార్చి ముట్టుకోవద్దనీ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అయినా ఆయన పట్టుబట్టారు. "నా కారుకి ఒక్క రెక్క నేను పెట్టుకోకూడదా?" అని చిన్నపిల్లాడిలా అలిగి, భోజనం దగ్గర్నుంచి లేచిపోయారు. పెద్దవాడి మనసు కరిగింది. తమ్ముడితో మాత్రం నాలుగూ తానే చేశానని చెప్పాడు. నాన్న చేశాడంటే వాడు కారెక్కడు, ఎక్కకపోతే ముసలాయన తల ఎత్తుకోలేడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరు అతుకు పెట్టినా మరొకరు దాని మీద అయస్కాంతం ఆనించి చూడాలి. రేకు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది, లోపం కప్పడానికి లప్పం ముద్ద దట్టించినచోట జారిపోతుంది. ఈ పరీక్ష అందరికీ ఉంది, మేస్త్రిగారికి తప్ప. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. ఆయన పనికి అయస్కాంతం పెట్టడమంటే ఆయన్ని చెంప మీద కొట్టినట్టే అని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరికీ తెలుసు.

లప్పాన్ని గరుకు కాగితంతో రుద్ది, రంగుకి ముందు ప్రైమరు పూత వేసేది కోడలు. కుడి వెనక రెక్క మీద రుద్దుతున్నప్పుడు లప్పం మందంగా ఉందని ఆమె చేతికి తెలిసింది. రాత్రి భర్తతో అంది కూడా. "నాన్న పెట్టిందేగా" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

"వాడెక్కడని అడిగాను!" చిన్నవాడు అరిచాడు.

జవాబు చెప్పాల్సిన పని లేకుండా వెనక తలుపు అవతల నుంచి సుత్తి చప్పుడు వినిపించింది.

* * *

వంటింటి వెనక తలుపు తీస్తే షెడ్డే. కోడలూ అత్తగారూ చేతులు తుడుచుకుని వెళ్ళేలోపే మొదటి దెబ్బ పడిపోయింది.

బెంచీ మీద రేకు వంచుతున్న పెద్దవాడి భుజం మీద తమ్ముడు ఇనప రాడ్డుతో కొట్టాడు. ఆయన కెవ్వుమని తిరిగాడు. చేతిలో సుత్తి లేచింది. ఎదురుగా ఉన్నది తమ్ముడని కంటికి ఆనగానే సుత్తిని దూరంగా విసిరేసి, పిడికిలితో వాడి పొట్టలో గుద్దాడు. ఇద్దరూ కలబడి అలమర మీద పడ్డారు. రంగు డబ్బాలు దొర్లి, మూతలు ఊడి, నేలంతా తెల్లరంగు పారింది.

"పిచ్చెక్కిందా నీకు? ఏంట్రా ఇది?"

"చంపుదామనుకున్నావు కదా? నేను చచ్చానో లేదో చూసుకో!"

"ఎవర్ని చంపడం? ఏం వాగుతున్నావ్?"

"నాన్న కారు నాకిచ్చాడని నీ కడుపు మండింది. అవునా కాదా?"

"మండింది!" పెద్దవాడు తమ్ముడి మెడ పట్టుకుని గోడకి అదిమాడు. "ఎందుకు మండదు? దానికున్న ప్రతి బోల్టూ నేను బిగించినదే. నువ్వు దాని కింద దూరి ఒక్కసారన్నా ఒళ్ళు మసి చేసుకున్నావా? తాళాలు మాత్రం నీ చేతికిచ్చాడు. మండింది. అయితే? దానికి తోడబుట్టినవాణ్ణి చంపుకుంటానా?"

"అయితే టైరెందుకు కోసుకుపోయింది? కుడి వెనక టైరు. చుట్టూ కోసుకుపోయింది!"

పెద్దవాడి చెయ్యి సడలింది. మెడ మీద నుంచి జారి పక్కన వేలాడింది.

కోడలు ఆ చేతినే చూస్తోంది. ఆయన చూపు షెడ్డు మధ్యలో ఉన్న కారు వైపు వెళ్ళింది, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. అక్కడ మామగారు నిలబడి ఉన్నారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నారు. గొడవ విని వచ్చినట్టున్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ గమనించలేదు.

"ఏం, నోరు పడిపోయిందా?" చిన్నవాడు దగ్గుతూ అడిగాడు. "విప్పి చూపించు. ఆ రెక్క మీదున్న లప్పం గీకి చూపించు, అందరి ముందూ!"

"తర్వాత చూద్దాం. ముందు నీ నుదురు..."

"నా నుదురు నా ఇష్టం! వదినా, నువ్వు గీకు." వాడు రేకు అరగదీసే గ్రైండరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ ఇంట్లో మొహమాటానికి కూడా అబద్ధమాడనిది నువ్వొక్కదానివే."

ఆ మాట ఆమెకు రాడ్డు దెబ్బకంటే గట్టిగా తగిలింది. భర్త ఆమెను చూశాడు. వద్దని తల ఊపలేదు, ఊపితే అందరికీ తెలుస్తుంది. కళ్ళతోనే బతిమాలాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎవర్నీ బతిమాలగా ఆమె చూడలేదు.

"ఏంటి ఆలోచిస్తున్నావ్?"

ఆమె గ్రైండరు ఆన్ చేసింది.

లప్పం దుమ్ము పొగలా లేచింది. వేలెడు మందం ఉంది. దుమ్ము అణిగాక కిందున్నదంతా బయటపడింది. రెక్కను మడ్‌గార్డుకు చుట్టూ ఒకదాని పక్కన ఒకటి దగ్గరదగ్గరగా వెల్డింగు చుక్కలతో టాకాలు వేసి పట్టాలి. ఇక్కడ ఒకటి, అక్కడెక్కడో ఇంకొకటి ఉన్నాయి. మధ్యలో రేకు కాలి బొక్కలు పడింది. కరిగిన లోహం గంజి చుక్కల్లా ఎక్కడపడితే అక్కడ కారి గడ్డకట్టింది. పట్టు లేని రెక్క లోపలికి వంగింది. దాని కింద పాత అంచు కొయ్యకుండా అలాగే ఉంది. దాని కొసకు నల్లటి రబ్బరు పీలికలు అంటుకుని ఉన్నాయి.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదేనా నీ పని?" చిన్నవాడి గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. అరిచినప్పటికంటే అదే భయంగా ఉంది. "జనం ఎక్కడెక్కడి నుంచో బండ్లేసుకొచ్చి, వంగి వంగి చూసి వెళ్ళే పని కదా నీది? అతుకు ఎక్కడుందో కనబడదంటారు కదా? మిగతా మూడు రెక్కలూ అలాగే ఉన్నాయిగా. ఇదొక్కటే ఇలా ఎందుకొచ్చింది? చేతకాక చేశావంటే గుడ్డివాడు కూడా నమ్మడు. కావాలనే చేశావు."

పెద్దవాడు ఆ బొక్కల మీద అరచెయ్యి కప్పాడు.

"చెప్పు!"

"తొందరలో... చేశాను. నాదే తప్పు."

రాడ్డు మళ్ళీ లేచింది. ఈసారి పెద్దవాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. పక్కటెముకల మీద పడింది. ఆయన కారు మీదికి ఒరిగాడు. చిన్నవాడు జుట్టు పట్టుకుని ఆయన తలను వెనక్కి లాగి, గీకిన రెక్క దగ్గరికి ఈడ్చాడు.

"చూడు! నా ప్రాణం నీకింతేనా? చూడమంటుంటే!"

మొహం రేకుకు తగిలింది. పై పెదవి చీరుకుపోయింది. ప్రైమరు మీద నెత్తురు బొటబొటా రాలింది. కోడలు అడ్డుపడితే చిన్నవాడు చూడకుండానే మోచేత్తో తోశాడు. ఆమె వెల్లకిలా రంగులో పడింది.

"ఏవండీ, ఆపండి! రాయిలా నిలబడ్డారేంటి? మీ మాటైతే వింటాడు!" అత్తగారు మొగుడి భుజం పట్టుకుని కుదిపేసింది.

మేస్త్రిగారు కదల్లేదు. చేతులు అలాగే వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

ఆయన్ని అలా చూసి కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషంటే ఆమెకు ప్రాణం. కాపురానికొచ్చిన కొత్తలో ఆమెను షెడ్డులోకి పిలిచి, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావమ్మా, రా, ఇది నేర్చుకో" అని చేతికి పని ఇచ్చిన మనిషి. తండ్రి కూడా అంత ఓపిగ్గా నేర్పడు. ఇప్పుడు కన్నకొడుకును పశువును బాదినట్టు బాదుతుంటే, ఒక్క మాటతో ఆపగలిగి కూడా నోరు విప్పడం లేదు.

రాడ్డు దెబ్బ మళ్ళీ పడింది. ఎముక చప్పుడో రాడ్డు చప్పుడో తెలియలేదు. పెద్దవాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మావయ్యా," అంది కోడలు, రంగులోంచి లేస్తూ. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నోర్ముయ్!" భర్త అరిచాడు. నెత్తుటి నోటితో ఆమె మీద అరిచాడు. "లోపలికి పో! నీకేం తెలీదు!"

"అంతా తెలుసు. మీరింకో దెబ్బ తినేదాకా చూస్తూ ఊరుకోలేను." ఆమె మరిది వైపు తిరిగింది. "ఆ రెక్క మీ అన్నయ్య పెట్టలేదు. మావయ్య పెట్టారు. లప్పం ఎక్కువుందని నాకు అప్పుడే తెలిసింది, నేనూ ఊరుకున్నాను. కొడితే నన్ను కూడా కొట్టు."

గాలిలో రాడ్డు ఆగిపోయింది.

"నాన్నా?"

మేస్త్రిగారు కోడలిని చూశారు, తర్వాత రెక్కను చూశారు. జీవితమంతా తన పేరు చెప్పి బతికిన షెడ్డు మధ్యలో, వంకరటింకరగా కరిగి కారిన ఆ రేకును చూశారు. మొహం పాలిపోయింది.

"నేనా?" అన్నారు. "నేను టార్చి పట్టుకుని ఎంతకాలమైంది? డాక్టరు వద్దన్నాక ముట్టుకున్నానా? మొగుణ్ణి కాపాడుకోవాలంటే కాపాడుకో అమ్మా, కానీ ఆ మురికి నా మీద పొయ్యకు. ఇలాంటి పని నా చేతిలోంచి రాదు."

మనిషి ఇంత మాట ఇంత తేలిగ్గా అనగలడని కోడలు కలలో కూడా అనుకోలేదు.

భర్త కేసి చూసింది. అప్పటిదాకా దెబ్బలు తింటున్నా ఆ మొహంలో ఒక నిబ్బరం ఉంది. తండ్రి పరువు తన వీపు మీద మోస్తున్నానన్న నిబ్బరం అది. ఇప్పుడది పోయింది. తాను ఇష్టపడి ఇచ్చినదాన్నే తండ్రి తన జేబులో చెయ్యి పెట్టి లాక్కున్నట్టు ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయాడు.

"బాగుంది నాన్నా," అన్నాడు చివరికి. "చాలా బాగుంది."

"అన్నయ్యా..." చిన్నవాడికి ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు. ఇందాకటి నుంచి మొదటిసారి "అన్నయ్యా" అన్నాడు.

పెద్దవాడు కారు పట్టుకుని లేచాడు. ఒక చెయ్యి పక్కటెముకల మీద ఉంది, ఇంకో చేత్తో తలుపు తీశాడు. తాళం బండికే ఉంది.

"ఎక్కడికి? ఏవండీ, దిగండి!" కోడలు తలుపు పట్టుకుంది.

"వదులు. ఎవరి పని ఎలా ఉంటుందో చూపిస్తాను." ఆయన మాట పెదవి వాపులో ముద్దగా వస్తోంది. "గేటు దాటాక రోడ్డు కిందికి దిగి కుడికి తిరుగుతుంది. బరువంతా ఎడమ వెనక రెక్క మీద పడుతుంది. కుడిది ముట్టుకోదు కూడా. ఎడమది నేను పెట్టాను. ఆ మలుపులో బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగుతాను. నాది నిలబడితే, ఈ చెత్త ఎవరిదో మీరే తేల్చుకోండి."

"మీ మాట నేను నమ్ముతున్నాను! నాకు చూపించక్కర్లేదు!"

"నీకు కాదు."

ఇంజను గర్జించింది. ఆమె చేతిలోంచి తలుపు లాగేసుకుని మూశాడు. కారు ముందుకు దూకింది. నేల మీది తెల్లరంగులో రెండు చారలు గీస్తూ, సగం తెరిచిన గేటును గుద్దుకుంటూ రోడ్డెక్కింది.

అప్పుడు మేస్త్రిగారి చేతులు ముందుకొచ్చాయి. గాలికి ఆకులు ఊగినట్టు ఊగుతున్నాయి. ఆయన రంగులో జారుతూ, బెంచీ పట్టుకుని, గేటు వైపు పరిగెత్తబోయి పడ్డారు.

"ఆపండి! వాణ్ణి ఆపండ్రా!"

"ఏం కాదు నాన్నా," అన్నాడు చిన్నవాడు అయోమయంగా. "ఎడమది అన్నయ్య పెట్టిందేగా."

"కాదురా! ఎడమది కూడా... మీరు గ్యాసు సిలిండర్ల కోసం వెళ్ళినప్పుడు ఎడమది కూడా నేనే కోశాను! కుడిది పాడుచేశానని నాకు తెలుసు. చెయ్యి ఇంకా పనికొస్తుందేమో చూద్దామని, వాడు పెట్టింది కోసి మళ్ళీ అతికించబోయాను. కుదర్లేదు. లప్పం పెట్టి, రుద్ది, ప్రైమరు కొట్టేశాను. అది ఇంతకంటే అధ్వాన్నం రా!"

చిన్నవాడి చేతిలోంచి రాడ్డు జారిపోయింది.

కోడలు అప్పటికే గేటు దాటింది. చెప్పులు లేవు. చీరంతా రంగు. భర్తను పేరు పెట్టి అరుస్తూ కొండ రోడ్డు వెంట పరిగెడుతోంది. కారు కనబడడం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మలుపు దగ్గరపడేకొద్దీ ఎవరైనా గేరు తగ్గిస్తారు. ఆయన పెంచాడు.